రుజువు ఆన్‌లైన్‌లో పెట్టాక మొదలయ్యే పని

నల్గొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ ఇంటర్నల్ పరీక్షల ముందు ఏ డిగ్రీ కాలేజీకి వెళ్లినా, స్టాఫ్ రూంలో ఒక టేబుల్ మీద చార్టు కాగితం పరిచి ఉంటుంది. స్కేలుతో కొట్టిన గడులు, పెన్సిల్‌తో రాసిన సబ్జెక్టుల పేర్లు, రబ్బరుతో తుడిచీ తుడిచీ పల్చబడ్డ చోట్లు. టైమ్‌టేబుల్ వేసే పని మీద పడ్డ లెక్చరర్ తల పట్టుకుని కూర్చుంటారు. సబ్జెక్టులను విద్యార్థులే ఎంచుకునే పద్ధతి వచ్చాక ఈ తిప్పలు ఇంకా పెరిగాయి. కంప్యూటర్స్ పేపర్‌ను బుధవారం పొద్దున పెడితే అదే పూట స్టాటిస్టిక్స్ రాయాల్సినవాళ్లు పదిమంది తేలతారు. దాన్ని మధ్యాహ్నానికి జరిపితే ఎకనామిక్స్ అడ్డం వస్తుంది.

నాలుగు రోజులు కూర్చుని వేసిన ఆ కాగితం నోటీసు బోర్డు ఎక్కుతుంది. ఒక అమ్మాయి వచ్చి తన సబ్జెక్టుల మీద వేలు పెట్టి చూసుకుంటుంది. అర నిమిషం కూడా పట్టదు. "సార్, నాకు రెండు పేపర్లు ఒక్క పూటే పడ్డయి" అంటుంది.

ఆ నాలుగు రోజులకూ ఈ అర నిమిషానికీ మధ్య ఉన్న తేడా చుట్టూ ఒక శాస్త్రమే ఉంది. దాని పేరు కాంప్లెక్సిటీ థియరీ. ఒక లెక్కను కంప్యూటర్ చేయగలదా లేదా అన్నది దీనికి మొదటి ప్రశ్న కాదు. చేయడానికి ఎంత సమయం, ఎంత జాగా (అంటే మెమరీ) కావాలి, అంతకంటే తక్కువలో చేయడం సాధ్యమేనా అన్నది అసలు ప్రశ్న. ఈ రంగంలో కొత్త ఫలితాలు నేడు ముందుగా కనిపించేది అచ్చయిన జర్నల్‌లో కాదు, ఇంటర్నెట్‌లో. వాటిని అక్కడ పెట్టే పద్ధతి, పెట్టాక జరిగే పరిశీలన దక్షిణ తెలంగాణ కాలేజీల్లో చదివే పిల్లలకు బాగా పనికొచ్చే విషయం. మన దగ్గర దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ.

ముందు టైమ్‌టేబుల్ లెక్క. పరీక్షలకు మూడు పూటలే దొరికాయి అనుకుందాం. 20 పేపర్లు ఉంటే, ఒక్కో పేపర్‌కు మూడు దారులు కాబట్టి, మొత్తం అమరికలు సుమారు 348 కోట్లు. సెకనుకు 100 కోట్ల అమరికలు చూసే యంత్రం మూడున్నర సెకన్లలో అన్నీ చూసేస్తుంది. పేపర్లు 40 అయ్యాయి అనుకోండి. పేపర్లు రెట్టింపే అయ్యాయి, కానీ అదే యంత్రానికి 385 ఏళ్లు పడుతుంది. గోల్కొండలో కుతుబ్‌షాహీల పాలన నడుస్తున్న రోజుల్లో మొదలుపెడితే ఇప్పటికి పూర్తయ్యేది. నిజానికి ఎవరూ ఇలా గుడ్డిగా వెతకరు, తెలివిగా కొమ్మలు నరుక్కుంటూ వెళ్లే ప్రోగ్రాములు ఉన్నాయి, చాలాసార్లు అవి పని కానిస్తాయి. కానీ ఎలాంటి టైమ్‌టేబుల్ ఇచ్చినా, ఎంత పెద్దది ఇచ్చినా, తప్పకుండా త్వరగా తేల్చే పద్ధతి ఇంతవరకూ ఎవరి చేతికీ చిక్కలేదు. అలాంటిది లేదని రుజువు చేసినవాళ్లూ లేరు.

త్వరగా సాధించగల సమస్యల సమూహాన్ని పీ అంటారు. జవాబు ఎవరైనా తెచ్చి ఇస్తే అది సరైందో కాదో త్వరగా చూడగల సమస్యలది ఎన్‌పీ. ఈ రెండూ ఒకటేనా? 1971లో కంప్యూటర్ శాస్త్రవేత్త స్టీఫెన్ కుక్ ఈ ప్రశ్నకు స్పష్టమైన రూపం ఇచ్చారు. సోవియట్ యూనియన్‌లో లియొనిడ్ లెవిన్ విడిగా అదే చోటికి చేరుకుని 1973లో ప్రచురించారు. మధ్యలో, 1972లో, రిచర్డ్ కార్ప్ పైకి ఏ సంబంధమూ లేనట్టు కనిపించే 21 సమస్యలు లోపల ఒకే కష్టం ఉన్నవని చూపించారు. మన టైమ్‌టేబుల్ సమస్య గ్రాఫ్‌లకు, అంటే గీతలతో కలిపిన చుక్కలకు, రంగులు వేసే రూపంలో ఆ జాబితాలో ఉంది: చుక్కలు పేపర్లు, రంగులు పూటలు. వాటిలో ఒక్కదానికి సులువు దారి దొరికినా అన్నిటికీ దొరికినట్టే. 2000లో అమెరికాలోని క్లే గణిత సంస్థ ఈ ప్రశ్నకు 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటి ఉంది. పరిశోధన కూడా ఈ టైమ్‌టేబుల్ లాంటిదే. రుజువు కనుక్కోవడానికి ఏళ్లు పట్టవచ్చు, చేతికొచ్చాక సరిచూడటం సులువు కావాలి. కాగితం మీద అంతే. ప్రతి అడుగూ వదలకుండా రాస్తే యంత్రమే సరిచూస్తుంది. కానీ పరిశోధకులు అలా రాయరు. "ఇక్కడి నుంచి ఇది తేలికగా వస్తుంది" అని ఒక్క వాక్యంలో దాటేసిన చోట పది పేజీల పని దాగి ఉండవచ్చు, ఒక్కోసారి పెద్ద గొయ్యే ఉండవచ్చు. అందుకే సరిచూసే మనుషులు కావాలి. ఒకరిద్దరు చాలరు, వేర్వేరు కోణాల నుంచి చూసే చాలామంది కావాలి. పరిశోధనను ఆన్‌లైన్‌లో పెట్టడంలో అసలు లాభం ఇది. ప్రచారం దాని తర్వాతి మాట.

ఇదంతా ఈమెయిల్‌తో మొదలైంది. 1989 నవంబర్ చివర నుంచి 1990 జనవరి దాకా కొద్ది వారాల్లో ఈ రంగం ఎన్నడూ లేనంత వేగంగా కదిలింది. ఒకరు తమ ఫలితాన్ని మెయిల్‌లో పంపారు. దాన్ని అందుకుని మరికొందరు ముందుకు వెళ్లారు. డిసెంబర్ నెలాఖరుకు ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఆది షమీర్ ఇంకో మెట్టు ఎక్కారు. ఇద్దరు ప్రశ్న జవాబుల రూపంలో మాట్లాడుకుంటూ ఎంత పెద్ద విషయాన్ని సరిచూసుకోవచ్చు అన్నది ఆ ఫలితాల సారం. అవి అచ్చులో వచ్చేదాకా ఆగి ఉంటే ఒక్కో మెట్టుకు ఏడాది పట్టేది. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ భౌతిక శాస్త్రం కోసం ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ భాండాగారం మొదలుపెట్టారు. తర్వాత గణితం, కంప్యూటర్ సైన్స్ అందులో చేరాయి. కాంప్లెక్సిటీకే ప్రత్యేకంగా 1994లో జర్మనీలోని ట్రియర్ విశ్వవిద్యాలయంలో ఒకటి మొదలైంది. ఈసీసీసీ అని పిలుస్తారు. ఇప్పుడు దాన్ని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ నడుపుతోంది. అందులోకి వచ్చే ప్రతి పత్రాన్నీ ఆ రంగం తెలిసినవాళ్లు పైపైన చూస్తారు: విషయం ఈ రంగానిదేనా, కొత్తదేనా, అర్థమయ్యేలా రాశారా అని. అంతకు మించి పూచీ ఇవ్వరు. రుజువు సరైందని వాళ్లు ముద్ర వేయరు. ఏడాదితో కలిపి ఒక నంబరు ఇస్తారు, తేదీ వేస్తారు, ప్రపంచం ముందు పెడతారు.

పెట్టడానికి రూపాయి ఖర్చు లేదు. చదవడానికీ లేదు. ఈ మాట నల్గొండ గడియారం చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపులో నిలబడి చదువుకుంటే దాని విలువ తెలుస్తుంది. ఒకప్పుడు ఇక్కడి పీజీ విద్యార్థి విదేశీ జర్నల్‌లోని ఒక పత్రం కావాలంటే వంద కిలోమీటర్లు బస్సెక్కి హైదరాబాద్ పోవాలి, అక్కడి లైబ్రరీలో ఆ సంచిక ఉండాలి, తెలిసినవాళ్లు ఎవరైనా లోపలికి తీసుకెళ్లాలి. ఇప్పుడు ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి, చిన్న తెర మీద గుర్తులు కనిపించక అటూ ఇటూ జరుపుతూ కళ్లు నొప్పి పుట్టాక, ప్రింట్ తీయించి స్పైరల్ బైండింగ్ చేయించుకుంటే అమెరికాలో ఎంఐటీలో చదివే విద్యార్థి చేతిలో ఉన్న అదే పత్రం అదే వారంలో ఇక్కడి చేతిలో ఉంటుంది.

భారతదేశం నుంచి ఈ దారిలో వెళ్లిన గొప్ప ఉదాహరణ 2002 ఆగస్టు నాటిది. ఐఐటీ కాన్పూర్‌లో మణీంద్ర అగ్రవాల్, అప్పుడే బీటెక్ ముగించిన ఇద్దరు విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి, ఒక సంఖ్య ప్రధాన సంఖ్య అవునో కాదో ఎంత పెద్ద సంఖ్యకైనా త్వరగా, అనుమానానికి తావు లేకుండా తేల్చే పద్ధతి కనుక్కున్నారు. అప్పటిదాకా ఉన్న వేగమైన పద్ధతులు పాచికలు వేసినట్టు అదృష్టం మీద ఆధారపడేవి, లేదా ఇంకా రుజువు కాని ఊహల మీద నిలబడేవి. ముగ్గురూ తొమ్మిది పేజీల పత్రం రాసి తమ సంస్థ వెబ్‌సైట్‌లో పెట్టారు, నిపుణులకు మెయిల్ చేశారు. కొద్ది రోజుల్లోనే ప్రపంచంలోని పెద్ద పెద్ద సంఖ్యా సిద్ధాంత నిపుణులు చదివి సరైందే అన్నారు. జర్నల్‌లో అచ్చయింది మాత్రం 2004లో. 2006లో కంప్యూటర్ సైన్స్ సిద్ధాంతంలో పేరున్న గోడెల్ బహుమతి వచ్చింది. పత్రం చిన్నది, వాడిన గణితం చాలావరకు బీటెక్ విద్యార్థికి అందేది, ప్రతి అడుగూ తేటగా ఉంది. అందుకే అంత త్వరగా తేలింది.

సరిగ్గా ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ ఆగస్టులో ఇంకో పత్రం వచ్చింది. హెచ్‌పీ ల్యాబ్స్‌లో పనిచేస్తున్న వినయ్ దేవ్‌లాలికర్ పీ, ఎన్‌పీ వేరువేరు అని రుజువు చేసినట్టు వంద పేజీల ప్రతిని కొందరు పరిశోధకులకు పంపారు. రెండు మూడు రోజుల్లో అది అందరికీ చేరింది. ఆయన పనిని ఎవరూ తేలిగ్గా తీసుకోలేదు. ఆ రంగంలో తలపండినవాళ్లు సొంత పనులు పక్కన పెట్టి బహిరంగంగా చదివారు, చర్చించారు. సుమారు ఒక వారంలో లోపాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి ఇక్కడ విప్పి చెప్పుకోవాలి, ఎందుకంటే ఇంటర్ చదివినవాళ్లకు కూడా అందుతుంది.

ఆయన వాదన ఇలా సాగింది: కొన్ని షరతుల సమస్యల్లో జవాబులు ఒకదానికొకటి దూరంగా, గుంపులు గుంపులుగా విడిపోయి ఉంటాయి, ఈ చెదిరిన అమరికను త్వరగా నడిచే ఏ పద్ధతీ పట్టుకోలేదు. వినడానికి బాగుంది. కానీ సరి బేసి షరతుల సమస్య అని ఒకటి ఉంది. ప్రతి షరతూ "ఈ మూడు సంఖ్యల మొత్తం సరిసంఖ్య కావాలి" లాంటిది. దాని జవాబులు కూడా అలాగే గుంపులుగా చెదిరి ఉంటాయి. అయినా దాన్ని సాధించడం చాలా తేలిక. ఇంటర్ మొదటి సంవత్సరంలో మాత్రికల పాఠంలో గాస్ జోర్డాన్ పద్ధతితో సమీకరణాలు సాధిస్తారే, అదే పద్ధతి చాలు. అంటే ఆ వాదన నిజమైతే సులువైన సమస్య కూడా కష్టమైనదని తేలాలి. అలా తేలదు కాబట్టి వాదనలో ఎక్కడో గొయ్యి ఉంది. అది ఏ పేజీలో ఉందో దొరక్కముందే, ఉందని మాత్రం ఖాయం.

2017 ఆగస్టులో జర్మనీకి చెందిన నార్బర్ట్ బ్లూమ్ ఇదే ప్రశ్న మీద ఆర్కైవ్‌లో పత్రం పెట్టారు. ఆయన ఈ రంగంలో ఎన్నో ఏళ్లుగా గౌరవం ఉన్న మనిషి. పరీక్ష మాత్రం మారలేదు. ఎవా టార్డోస్ 1988లో చూపించిన ఒక ఫంక్షన్ ఉంది. కొన్ని పరిమితుల కింద అది భయంకరంగా కష్టం, పరిమితులు తీసేస్తే తేలిక. బ్లూమ్ వాదనను దానికి పెట్టి చూస్తే తేలికైనది కష్టమని వస్తోంది. నెల తిరగకముందే బ్లూమ్ స్వయంగా రుజువు తప్పు అని అదే చోట రాసి పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. తప్పు జరిగిందని పెట్టిన చోటే చెప్పగలగడం మనసున్నవాళ్లు చేసే పని, ఆ పద్ధతి మన విశ్వవిద్యాలయాల్లో కూడా రావాలి.

ఇంతకంటే ధైర్యం ఇచ్చే కథ గణిత శాస్త్రజ్ఞుడు లాజ్లో బాబాయిది. రెండు నెట్‌వర్క్‌ల గీతల అల్లిక ఒకటేనా, పేర్లు మాత్రమే మారాయా అని తేల్చే సమస్యకు అప్పటిదాకా ఉన్నదానికంటే ఎంతో వేగమైన పద్ధతిని ఆయన 2015 నవంబర్‌లో షికాగోలో ప్రకటించి, డిసెంబర్‌లో ఆర్కైవ్‌లో పెట్టారు. ఏడాది పాటు ప్రపంచం మొత్తం చదివింది. 2017 జనవరిలో హరాల్డ్ హెల్ఫ్‌గాట్ ఒక తప్పు పట్టుకున్నారు. బాబాయి వెంటనే ఒప్పుకుని, తన పద్ధతి ముందు చెప్పినంత వేగమైనది కాదని ప్రకటించారు. ఐదు రోజుల్లో సరిదిద్దుకుని మళ్లీ మొదటి మాట మీద నిలబడ్డారు. తప్పు పట్టినాయన ఆ పత్రాన్ని పడగొట్టాలని చదవలేదు, ఇతరులకు పాఠంగా చెప్పాలని లైను లైనూ విప్పుతూ చదివారు. ఎంత శ్రద్ధగా సరిచూశారో అంత శ్రద్ధగా సరిదిద్దడానికి వీలైంది.

ఒకరి పత్రం మీద ఇంకొకరు ఎక్కి నిలబడటం ఎంత వేగంగా జరుగుతుందో 2025 ఫిబ్రవరి చూపించింది. ఒక లెక్క పది లక్షల అడుగుల్లో ముగుస్తుంది అనుకుందాం. దాన్ని చేయడానికి ఎంత జాగా, అంటే ఎన్ని గడుల మెమరీ కావాలి? 1975లో హాప్‌క్రాఫ్ట్, పాల్, వాలియంట్ చూపించిన దాని ప్రకారం, చిన్నాచితకా గుణకాలు పక్కన పెడితే, సుమారు 50 వేల గడులు చాలు. ఆ తర్వాత యాభై ఏళ్లు అది చెప్పుకోదగ్గంత కదల్లేదు. 2025 ఫిబ్రవరిలో ఎంఐటీ ఆచార్యుడు రయాన్ విలియమ్స్ ఆన్‌లైన్‌లో పెట్టిన పత్రం లెక్కన సుమారు 4,500 చాలు. ఇంత పెద్ద గెంతును చాలామంది ఊహించలేదు.

ఆ గెంతు వెనక 2023 నవంబర్‌లో జేమ్స్ కుక్, ఇయాన్ మెర్ట్జ్ ఈసీసీసీలో పెట్టిన పత్రం ఉంది. అందులోని ఉపాయం పలకతో చెప్పుకోవచ్చు. పలక మీద ఎవరిదో 37 అనే అంకె ఉంది, దాన్ని చెరపడానికి లేదు, వేరే పలక లేదు. మనం గుర్తుపెట్టుకోవాల్సింది 5. ఆ 37కే 5 కలిపి 42 చేస్తాం. అవసరం తీరాక మళ్లీ 5 తీసేస్తాం. 37 ఉన్నచోట ఉన్నట్టే ఉంటుంది, మన పని కూడా అయిపోతుంది. నిండిన మెమరీని ఖాళీ చేయకుండానే వాడుకోవచ్చన్న ఈ ఆలోచనను వాళ్లు చాలా దూరం తీసుకెళ్లారు. ఒక చెట్టు ఆకారపు లెక్కకు తక్కువ జాగా చాలదని రుజువు చేయాలని గతంలో ప్రయత్నించినవాళ్లలో స్టీఫెన్ కుక్ ఉన్నారు. ఆ లెక్క అనుకున్నదానికంటే ఎంతో తక్కువ జాగాలో అవుతుందని చూపించినవాళ్లలో ఒకరైన జేమ్స్ ఆయన కొడుకే. ఏడాది దాటిన కొద్ది నెలలకే విలియమ్స్ దాన్ని అందుకున్నారు. పత్రం అందరి ముందూ లేకపోతే ఇంత తొందరగా ఇది జరగదు.

ఇక మన జిల్లాల సంగతి. పత్రాలు చేతికొచ్చాయి, కానీ చదివింది విని, తప్పయితే తప్పని చెప్పే మనిషి మాత్రం పక్కన దొరకడం లేదు. మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం రెండూ ఇరవై ఏళ్లు కూడా నిండని సంస్థలు. చుట్టుపక్కల కాలేజీల్లో లెక్కల మీద ప్రాణం పెట్టే లెక్చరర్లు ఉన్నారు. దేవరకొండలోనో, వనపర్తిలోనో ఒకాయన పదేళ్లు ఒంటరిగా ఒక సమస్య పట్టుకుని కూర్చుని, చివరికి సాధించానని నమ్మారనుకోండి. ముందున్న దారులు రెండే అనిపిస్తాయి. ఒకటి, పేపర్‌లో జిల్లా పేజీలో ఫొటోతో వార్త. రెండోది, డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నల్. రెండిట్లోనూ పత్రాన్ని చదివేవాళ్లు ఉండరు. పదేళ్ల కష్టానికి ఇంతకంటే అన్యాయం లేదు. అభినందన సభలో శాలువా దొరుకుతుంది, "మీ నాలుగో పేజీలో ఈ అడుగు నిలబడదు" అనే మాట దొరకదు. ఆయనకు కావాల్సింది ఆ మాటే.

ఆన్‌లైన్‌లో పెట్టడానికి ముందు ఇంట్లోనే చేసుకోగల పరీక్షలు ఉన్నాయి. వాదనలో కష్టమైన సమస్య పేరు తీసేసి, దానిలాగే కనిపించే సులువైన సమస్య పేరు రాసి చదవాలి. అప్పుడు కూడా వాదన గడగడా సాగిపోతే అది తప్పు. మన వాదన ఏ పాత గోడకు తగులుతుందో కూడా చూసుకోవాలి. ఏ రకం వాదనలతో ఈ ప్రశ్న తేలదో 1975లో బేకర్, గిల్, సోలోవే చూపించారు. ఇంకో రకానికి 1994లో రజ్‌బొరోవ్, రుడిచ్ గోడ కట్టారు. వీటిని చదవకుండా పీ, ఎన్‌పీల మీద పత్రం రాయడం బావి లోతు చూడకుండా దూకడమే. ఆర్కైవ్‌లో కొత్తవాళ్లు పత్రం పెట్టాలంటే ఆ రంగంలో ఇప్పటికే పెట్టినవాళ్ల ఎండార్స్‌మెంట్, అంటే సమర్థన, తెమ్మని ఆ సైట్ అడగవచ్చు. దాన్ని అవమానంగా తీసుకోనక్కర్లేదు. కనీసం ఒక్కరికైనా పని చూపించమని అడగడమే అది.

బయటివాళ్లకు ఈ రంగంలోకి తెరిచి ఉన్న తలుపు పెద్ద సమస్య సాధించడం కాదు, ఇతరుల పత్రాన్ని సరిచూడటం. నోటీసు బోర్డు ముందు నిలబడ్డ ఆ అమ్మాయి టైమ్‌టేబుల్ వేయలేకపోవచ్చు, తప్పును మాత్రం పట్టుకుంది. 2019లో హావో హువాంగ్ సుమారు ముప్పై ఏళ్ల నాటి సెన్సిటివిటీ ఊహను (ఇన్‌పుట్‌లో ఒక్క బిట్ మారితే జవాబు మారడం గురించినది) రుజువు చేసిన పత్రంలో అసలు భాగం రెండు పేజీలు. మాత్రికలు, ఐగెన్ విలువలు తెలిసిన ఎమ్మెస్సీ విద్యార్థి అందులోని ప్రతి లైనునూ సొంతంగా సరిచూడగలరు. నలుగురు కలిసి వారానికి ఒక సాయంత్రం ఖాళీ క్లాస్‌రూంలో కూర్చుని, బోర్డు మీద ఒక్కో లైను రాస్తూ, తెలుగులో వాదించుకుంటూ చదివితే ఒక నెలలో ముగుస్తుంది. తెలుగులో వాదించుకోవడం ముఖ్యం. ఇంగ్లీషులో తల ఊపి దాటేసిన అడుగు, "ఇది ఎట్ల వచ్చింది?" అని పక్కవాడు అడిగితే దాటదు.

అలా చదువుతుంటే ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. ఆగిన చోటును పెన్సిల్‌తో గుర్తుపెట్టి, మరో రెండు రోజులు కుస్తీ పట్టి, అప్పటికీ తేలకపోతే రచయితకే మెయిల్ రాయవచ్చు. పత్రం మొదటి పేజీలోనే అడ్రస్ ఉంటుంది. మెయిల్ నాలుగు లైన్లు చాలు: ఏ పత్రం, ఏ పేజీ, ఏ లెమ్మా (రుజువులోని చిన్న మెట్టు), ఎన్నో లైను, అక్కడ సంఖ్య సరిసంఖ్య అని అనుకున్నారా, బేసి అయితే ఈ చిన్న ఉదాహరణలో ఇలా వస్తోంది కదా అని. జవాబు కొన్నిసార్లు రాదు, కొన్నిసార్లు మనకే పొరపాటు అర్థమైందని వస్తుంది. ఒక్కోసారి మాత్రం నిజంగానే లైను తప్పని తేలుతుంది. అప్పుడు సవరించిన ప్రతి ఈసీసీసీలో అదే నంబరు కింద, పాత ప్రతి చెరగకుండా, కొత్త తేదీతో చేరుతుంది.